ఒక్క అక్షరము తప్పిన

నెల్లూరికి తూర్పున, సముద్రమునకు చేరువలో నున్న తోటపల్లి గూడూరునుండి ఒక ఆర్యవైశ్య వర్తకుడు శస్త్రచికిత్సకై పట్టణమునకు పోయినాడనుకొందము. మనిషి దృఢకాయుడు, మంచము పట్టి యెరుగడు. మత్తు ఇచ్చిన పిమ్మట, శ్వాసనాళములో గొట్టము నమర్చుటకై వైద్యులు కండరములను సడలించు సక్సినైల్‌కోలిన్ అను మందు నిత్తురు. సామాన్యముగా పది నిమిషములలోపున దాని ప్రభావము తొలగిపోవును. ఈతనికి గంటలు గడచినను ఊపిరి తనంత తాను ఆడదు. యంత్రముతో శ్వాస నడపుచు కనిపెట్టుకొని యుండవలసినదే.

కారణము మందులో లేదు, వైద్యుని చేతిలోను లేదు. తరతరములుగా వచ్చిన ఒక వ్రాతతప్పులో నున్నది.

తిక్కన మెలగిన సీమవారికి తాళపత్రముల సంగతి చెప్పనక్కరలేదు. లేఖకుడు ఒకచోట అక్షరము తప్పినచో, ఆ ప్రతిని చూచి వ్రాసిన ప్రతులన్నిటను అదే తప్పు నిలుచును. చాల తప్పులు అర్థమును చెరుపవు. ఏదో యొకటి 'కలదు'ను 'వలదు'గా మార్చివేయును. జీవకణములలోని డి.ఎన్.ఏ. అట్టి వ్రాతయే. అందు నాలుగే అక్షరములు. కణము రెండుగా చీలునపుడెల్ల గ్రంథమంతయు మరల ప్రతి వ్రాయబడును. బీజకణములలో తప్పు పడినచో అది సంతానమునకు సంక్రమింపవచ్చును. దీనినే ఉత్పరివర్తనము అందురు.

పైని చెప్పిన మందును విరుగగొట్టునది కాలేయములో తయారై రక్తములో చేరు బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అను ఎంజైము. ఇది 574 అమైనో ఆమ్లములు పూసలుగా గ్రుచ్చిన గొలుసు. డి.ఎన్.ఏ.లో థైమీన్‌కు బదులు సైటోసీన్ పడుటచే, 307వ పూస లూసీన్ కావలసినచోట ప్రోలీన్ అయినది. ప్రోలీన్ బిరుసైన పూస. గొలుసు సరిగా ముడుచుకొనదు, ఎంజైము పనికి రాకుండ పోవును.

వైశ్యులలోని ఈ మార్పును 2006లో ప్రకటించిరి. ఈ సముదాయము కొద్దిమంది పూర్వులనుండి విస్తరించి, శతాబ్దములుగా తమలో తామే వియ్యమందుటచే, ఈ లోపము ఇతరులలోకంటె సుమారు నూరురెట్లు అధికమైనదని హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులును వారి విదేశీయ సహచరులును 2017లో తెలిపిరి. ఇది వైశ్యులకే కలదని గాని, వారందరికి కలదని గాని అనుకొనరాదు. ప్రతి కులమునందును పూర్వుల వ్రాతతప్పులేవో దాగియే యుండును. వానిలో ఇది దొరికినదొకటి.

ప్రతివారికిని తల్లినుండి ఒక ప్రతి, తండ్రినుండి ఒక ప్రతి వచ్చును. ఒకటి సరిగా నున్నచో చాలవరకు పని గడచును. తల్లిదండ్రు లిరువురిలోను ఒక్కొక్క తప్పుప్రతి యున్నపుడు, బిడ్డకు రెండును తప్పువే చేరుటకు కాన్పుకాన్పుకును నాలుగింట ఒక పాలు అవకాశము. కనుక ఇంటిలో ఎవరికైన శస్త్రచికిత్స పిమ్మట ఊపిరి తిరిగి వచ్చుట ఆలస్యమైనదని విన్నచో, తోబుట్టువులు ఆ మాట తమ వైద్యునికి ముందే చెప్పవలెను. రక్తపరీక్షలో ఎంజైము కొరత తెలియును. అప్పుడు మరియొక సడలింపు మందును వాడుదురు.