గర్భిణికి ‘కొంచెం బి.పి.’: బిడ్డ ఎదుగుదలపై దాని ప్రభావం

“కొంచెం బి.పి. ఉందన్నారు, అంతే. తలనొప్పి కూడా లేదు. మాత్రలు వేసుకుంటే బిడ్డ చిన్నగా పుడుతుందంట.” గర్భిణులున్న ఇళ్లలో ఈ మాట వింటూనే ఉంటాం. ఇందులో రెండు అపోహలున్నాయి. కొంచెం బి.పి. ఏమీ చేయదనేది ఒకటి. మాత్రే బిడ్డకు కీడు చేస్తుందనేది రెండోది.

గర్భిణికి బి.పి. 140/90 దాటితే ఎక్కువ ఉన్నట్టు. 160/110 చేరితే అది అత్యవసర పరిస్థితి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ రెండింటి మధ్య ఉన్నదాన్నే ‘కొంచెం’ అంటున్నాం. చాలామందికి ఈ దశలో ఏ బాధా తెలియదు. కొలిస్తేనే బయటపడుతుంది.

బిడ్డకు అన్నమైనా, ఊపిరైనా మాయ ద్వారా వచ్చే తల్లి రక్తం నుంచే అందాలి. మన చీనీ తోటల్లో డ్రిప్పు పైపులు పూడుకుంటే ఏమవుతుంది? మోటారు దగ్గర ఒత్తిడి పెరుగుతుంది, చెట్టు మొదట్లో మాత్రం నీళ్లు తగ్గుతాయి. మాయకు వెళ్లే రక్తనాళాలు ఇరుకైనప్పుడూ అంతే. తల్లికి బి.పి. పెరుగుతుంది, బిడ్డకు పోషణ తగ్గుతుంది. అలాంటి బిడ్డ రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టవచ్చు, నెలలు నిండకముందే పుట్టవచ్చు. బి.పి. ఉన్న ప్రతి తల్లికీ ఇలా జరగదు. ఎవరికి జరుగుతుందో ముందే చెప్పలేం కాబట్టే అందరినీ గమనిస్తూ ఉండాలి.

ఇక మాత్రల సంగతి. బి.పి. తగ్గిస్తే బిడ్డకు రక్తం చాలదేమోనని ఒకప్పుడు డాక్టర్లూ సందేహించారు. అమెరికాలో 2,408 మంది గర్భిణులపై చేసిన అధ్యయనం 2022లో వెలువడింది. వీరంతా గర్భానికి ముందు నుంచో, తొలి 20 వారాల్లోనో కొద్దిపాటి బి.పి. ఉన్నవారు. బాగా పెరిగితే తప్ప మందు ఇవ్వని వారిలో నూటికి 37 మందికి తీవ్రమైన చిక్కులు వచ్చాయి. 140/90 లోపు ఉండేలా మందు ఇచ్చినవారిలో అవి 30 మందికే వచ్చాయి. చిన్నగా పుట్టిన బిడ్డల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా గర్భిణులకు వాడదగినవి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనాలాప్రిల్ వంటివి వాడకూడదు. ముందు నుంచీ వీటిని వాడుతున్నవారు గర్భం అని తెలిసిన వెంటనే డాక్టరును కలిసి మందు మార్పించుకోవాలి. సొంతంగా మానేయకూడదు. రంజాన్‌లో రోజా, మాత్రల వేళల గురించీ ముందే అడగాలి. గర్భిణి ఆ రోజాలను తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు మన ధర్మంలోనే ఉంది.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, డొక్కల కింద నొప్పి, ముఖం వాపు, బిడ్డ కదలిక తగ్గడం: వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకూడదు. నిర్లక్ష్యం చేస్తే గుర్రపువాతం దాకా పోవచ్చు.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. కానీ గండికోట నుంచి జమ్మలమడుగు సుమారు 15 కిలోమీటర్లు. కూలికి పోయే ఇంట్లో ఆ రోజు కూలీ, ఆటో ఛార్జీ రెండూ భారమే. దాతలు సాయపడగలిగేది ఇక్కడే. గర్భిణులకు సరిపోతుందని పరీక్షించిన బి.పి. మిషన్ ఒకటి ఊళ్లో ఆశా కార్యకర్త చేతిలో ఉండాలి. స్కానింగుకు వెళ్లే తల్లికి దారి ఖర్చు అందాలి. ఇంతమాత్రం చేసినా ఒక బిడ్డ నిండు బరువుతో తల్లి ఒడికి చేరడానికి తోడ్పడినవారమవుతాం.