కంపెనీ వదిలేసినా జనం వదల్లేదు

మిల్లు గేటుకి తాళం పడితే ఇల్లు ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. జపాన్‌లో ఒక ఫుట్‌బాల్ జట్టుకీ అలాంటి రోజే వచ్చింది.

యొకొహామా ఊళ్లో ఫ్లూగెల్స్ అని ఒక జట్టుండేది. 1993లో ప్రొఫెషనల్ లీగ్ మొదలైనప్పుడు ఆడిన పది జట్లలో అదొకటి. దాన్ని పోషించేవి రెండు: ఒక విమానాల కంపెనీ, ఒక కట్టడాల కంపెనీ. 1998లో కట్టడాల కంపెనీ తప్పుకుంది. అక్టోబరు నెలాఖరున, అదే ఊరి మారినోస్ జట్టులో దీన్ని కలిపేస్తున్నామని ప్రకటించారు.

అభిమానులు సంతకాలు సేకరించారు. నిర్ణయం మారలేదు. ఆటగాళ్లు మాత్రం ఆ తర్వాత ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 1999 జనవరి 1న టోక్యోలో చక్రవర్తి కప్పు ఫైనల్. షిమిజు జట్టు ముందు గోల్ కొట్టినా ఫ్లూగెల్స్ 2-1తో గెలిచింది. కప్పు వచ్చింది, జట్టు పోయింది.

చాలామంది అభిమానులకి మారినోస్ వైపు చేరడానికి మనసొప్పలేదు. తలా కొంత డబ్బు వేసుకుని యొకొహామా ఎఫ్‌సీ అని కొత్త జట్టు పెట్టారు. ఆ ఏడే కింది లీగ్‌లో ఆట మొదలు. రెండేళ్లూ అక్కడ వాళ్లదే మొదటి స్థానం. 2001లో రెండో డివిజన్‌కి ఎక్కారు. 2006లో దాన్నీ గెలిచి, మరుసటేడు పెద్ద జట్ల సరసన నిలబడ్డారు. అప్పుడు జట్టులో ఉన్న మియురా కజుయొషికి నలభై ఏళ్లు!

ఆ ఏడే మళ్లీ కిందికి దిగారనుకోండి. అయినా జట్టు మూతపడలేదు, ఇవాళ్టికీ ఆడుతూనే ఉంది.