రెండు సీట్లు, 130 లీటర్లు

టాప్ తీస్తే నెత్తిన ఆకాశమంతా కనిపిస్తుంది. డిక్కీ తీస్తే రెండు చేతిసంచుల చోటు కనిపిస్తుంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లకి మొదటి టూర్ ముందురోజు రాత్రి తెలిసొచ్చే సంగతి ఇది. ఆ ఇరుకు వెనక ఇంజినీర్ల లెక్క ఒకటుంది. అందులో సర్దుకోవడానికి మనం నేర్చుకోవాల్సిన లెక్క ఇంకొకటుంది.

మన వీధుల్లో రోజూ తిరిగే మారుతీ డిజైర్‌నే తీసుకోండి. 2017లో వచ్చిన మోడల్ పొడవు 3,995 మిల్లీమీటర్లు, డిక్కీ 378 లీటర్లు. ఇప్పుడు జపాన్ వాళ్ల మాజ్దా ఎంఎక్స్-5 పక్కన నిలబెట్టండి. అమెరికాలో మియాటా అంటే అందరికీ తెలిసిన కారే ఇది. దీని ఇప్పటి మోడల్ పొడవు 3,915 మిల్లీమీటర్లు. రెంటికీ తేడా మూడంగుళాల పైచిలుకు. డిజైర్‌లో ఐదుగురు కూర్చుంటారు, మియాటాలో ఇద్దరే. ముగ్గురు మనుషులు తగ్గారు కదా, సామాన్లకు బోలెడు చోటు మిగలాలి. తీరా చూస్తే డిక్కీ 130 లీటర్లే. మిగతా చోటంతా ఎటు పోయింది?

ముందు నుంచి వెతుక్కుంటూ వద్దాం. డిజైర్‌లో ఇంజిన్ అడ్డంగా, ముందు చక్రాల మీదే ఒదిగి కూర్చుంటుంది. ఆ చక్రాలనే తిప్పుతుంది. మియాటాలో ఇంజిన్‌ని నిలువుగా, ముందు ఇరుసుకి వెనగ్గా జరిపి పెట్టారు. అందుకే అంత పొడుగు బానెట్. గేర్‌బాక్స్ రెండు సీట్ల మధ్యకి వచ్చేసింది. అక్కణ్నుంచి ఒక షాఫ్ట్ వెనక్కి పోయి వెనక చక్రాల్ని తిప్పుతుంది. ఆ చక్రాల మధ్య డిఫరెన్షియల్ ఉండాలి. పెట్రోల్ ట్యాంకు సీట్ల వీపు వెనక, వెనక ఇరుసుకి ముందే ఉండాలి. దాని పైన, మడిచిన టాప్ పడుకోవడానికి ఒక గుంత కావాలి. కారు ఎత్తు చూస్తే మనిషి ఛాతీదాకా కూడా రాదు, మీటరూ పాతిక సెంటీమీటర్ల లోపే. ముందు వెనకల బరువు ఇంచుమించు సగం సగం ఉండాలన్నది అన్నిటికన్నా పెద్ద పట్టుదల. వీటన్నిటికీ చోటిచ్చాక మూలన మిగిలిన గుంతకి ఒక మూత పెట్టారు. అదే డిక్కీ.

ఈ కారు తొలిసారి జనం ముందుకొచ్చింది 1989 ఫిబ్రవరిలో, షికాగో ఆటో షోలో. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ అమ్ముడుపోయింది ఇదేనని 2000లో గిన్నిస్ బుక్‌కి ఎక్కింది. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు తయారైంది. మొదటి తరం డిక్కీలో స్టెప్నీ, బ్యాటరీ రెండూ తిష్ఠ వేసి ఉండేవి. రెండో తరంలో ఆ రెంటినీ నేల కిందకి తోశారు. మూడో తరంలో స్టెప్నీ పూర్తిగా పోయి పంక్చర్ అతికించే కిట్ వచ్చింది, బ్యాటరీని బానెట్ కిందకి పంపి డిక్కీని 150 లీటర్లు చేశారు. అయితే కారూ లావెక్కింది. 2015లో వచ్చిన నాలుగో తరంలో మళ్లీ కత్తెర పట్టారు. పొడవు పది సెంటీమీటర్లు తగ్గింది, బరువు వంద కిలోల దాకా తగ్గింది. డాష్‌బోర్డులో ఉండాల్సిన గ్లవ్ బాక్స్ కూడా ఎగిరిపోయి, సీట్ల వెనక మధ్యలో తాళం వేసుకునే చిన్న అరగా తేలింది. ఇంత చేసీ డిక్కీ 130 లీటర్లకు దిగింది. నన్నడిగితే మంచి బేరమే. ఇరవై లీటర్ల గుడ్డల కోసం ఆ వంద కిలోల్ని రోజూ మోసుకు తిరగక్కర్లేదు.

లీటర్లు ఎవరు కొలిచారు?

డిక్కీకి లీటర్లేంటని కొందరికి సందేహం. ఐరోపాలో నీళ్లు పోసి కొలవరు. జర్మన్ వాహన పరిశ్రమల సంఘం పద్ధతి ప్రకారం 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 మందం ఉన్న దిమ్మెలు పేరుస్తారు. ఒక్కోటి సరిగ్గా ఒక లీటరు. మూత పడేలోపు ఎన్ని దిమ్మెలు పడితే అన్ని లీటర్లు. చక్రం గూడు పక్కన చారెడు సందు ఉన్నా అందులో ఒక దిమ్మె పెట్టి లెక్క రాసుకుంటారు. మనమేమో దిమ్మెలు పట్టుకుని ఊరెళ్లం. అసలు చిక్కు ఇక్కడే.

55 సెంటీమీటర్లు, 40, 22 కొలతల మెత్తటి క్యాబిన్ బ్యాగు ఒకటి 48 లీటర్లు. మియాటాలో అలాంటివి రెండు పడతాయి. మన విమానాల్లో లోపలికి తీసుకెళ్లనిచ్చే 55, 35, 25 బ్యాగు కూడా ఇంచుమించు అంతే. రెండూ కలిపితే 97 లీటర్లు. మిగిలిన 33 లీటర్లు ఒక్కచోట ఉండవు. అంచుల్లో, మూలల్లో, మూత వంపు కింద తలా కాస్త చెదిరి ఉంటాయి. ఆ చెదిరిన చోటుని వాడుకోవడంలోనే సర్దేవాడి పనితనమంతా ఉంది.

అదే కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తూ ముచ్చటపడి మియాటా కొనుక్కున్న తెలుగు కుర్రాడి సంగతి చూడండి. అమ్మానాన్నలు శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతారు. మనిషికి రెండేసి పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు, పొడవు వెడల్పు ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు. 75, 50, 33 అనుకుంటే ఒక్క పెట్టే 124 లీటర్లు, నాలుగు కలిపి 495. పచ్చళ్లు, కారప్పొడులు, అప్పడాలు అందులోనే. డిక్కీ 130. సామాన్ల మాట సరే, ముందు అమ్మానాన్నలే పట్టరు. డ్రైవింగ్ సీటు పోగా మిగిలింది ఒక్కటేగా! ఆ రోజుకి స్నేహితుడి పెద్ద కారు అడగడమే దారి.

సామానే బయట వేలాడిన రోజులు

కార్లకు డిక్కీ ఉండాలన్న ఆలోచన రాకముందు పెట్టెల్ని వెనక చట్రానికి తోలు పట్టీలతో బిగించి కట్టేవారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికన్లకు చిన్న స్పోర్ట్స్ కారు రుచి చూపిన బ్రిటిష్ ఎంజీ టీసీకి అసలు డిక్కీయే లేదు. వెనకంతా పెట్రోల్ ట్యాంకు, దాని వీపున స్టెప్నీ. సంచులు సీటు వెనక దూర్చాల్సిందే. ఎంజీఏ వచ్చేసరికి డిక్కీ వచ్చింది గానీ అందులో సగం స్టెప్నీదే. ఆ తర్వాత ఎంజీబీ యజమానులు డిక్కీ మూత మీద మెరిసే క్రోమ్ చట్రం బిగించుకుని, దానికే సూట్‌కేసు కట్టుకుని ఊళ్లు తిరిగారు.

డబ్బున్నవాళ్లు ఇంకో దారి పట్టారు. 1954లో వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్ఎల్ తలుపులు పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి. దాని వెనక భాగాన్ని ట్యాంకు, స్టెప్నీ కలిసి మింగేశాయి. దాంతో సీట్ల వెనక చోటుకి కొలతలు తీసి తోలు పెట్టెలు కుట్టించారు. ఇటలీలో మోడెనా ఊరి స్కెడోని కుటుంబం ఫెరారీలకు ఇలాగే ఏ మోడల్‌కి ఆ మోడల్ పెట్టెలు తయారుచేసి పేరు తెచ్చుకుంది. చొక్కాని దర్జీ ఒంటికి కొలిచి కుట్టినట్టు పెట్టెని కారు ఒంటికి కొలిచి కుట్టడమన్నమాట. కారు అమ్మేస్తే ఆ పెట్టెలు ఇంకెందుకూ పనికిరావనుకోండి, అది వేరే సంగతి.

చోటుని దొంగిలించడంలో టాప్‌ని మించింది లేదు. 1996లో మెర్సిడెస్ ఎస్ఎల్‌కే రేకు టాప్‌ని మడిచి డిక్కీలోకి దింపే ఏర్పాటు తెచ్చింది. జనం నోరెళ్లబెట్టి చూశారు. ఆ దారిలోనే వచ్చిన 2009 నాటి బీఎండబ్ల్యూ జెడ్4కి టాప్ వేసుంటే 310 లీటర్లు, తీస్తే 180. అంటే ఎండ కాగానే 130 లీటర్లు గల్లంతు, ఒక మియాటా డిక్కీ అంత. 2018లో అదే కంపెనీ మళ్లీ గుడ్డ టాప్‌కి తిరిగొచ్చింది. ఇప్పుడు వేసినా తీసినా 281. మాజ్దా కూడా గట్టి టాప్‌తో ఒక మోడల్ తెచ్చింది గానీ, దాన్ని సీట్ల వెనకే మడవడంతో పోయింది మూడే లీటర్లు.

ఇంజిన్ నడుమ ఉన్న కార్ల కథ వేరు. పోర్షే 718 బాక్‌స్టర్‌కి ముందొక డిక్కీ, వెనకొకటి. రెండూ కలిపి 275 లీటర్లు. ముందుది లోతైన బావిలా ఉంటుంది. లోటస్ ఎలీస్ డిక్కీ ఇంజిన్ వీపుకి ఆనుకునే ఉంటుంది కాబట్టి వేడెక్కుతుంది. అందులో నేతి సున్నుండల డబ్బా పెడితే ఊరు చేరేసరికి స్పూను కావాలి. టయోటా చివరి ఎంఆర్2కి డిక్కీ పేరుకే, సంచులు సీట్ల వెనక అరల్లో పెట్టుకోవాలి. హోండా ఎస్660లో టాప్‌ని చాపలా చుట్టి బానెట్ కింద ఉన్న పెట్టెలో దాచాలి. అది అక్కడుంటే సంచికి చోటు లేనట్టే. అమెరికన్లు మాత్రం రాజీ పడలేదు. కొర్వెట్ ఇంజిన్‌ని 2020 మోడల్‌లో నడుమకి మార్చినా, వెనక రెండు గోల్ఫ్ బ్యాగులు పట్టి తీరేలా చేసుకున్నారు.

మాజ్దా మన దేశంలో అమ్మదు. ఒకప్పుడు గోవాలో శాన్ స్టార్మ్ అనే ఫైబర్‌గ్లాస్ రెండు సీట్ల కారు తయారయ్యేది. 2025లో ఎంజీ సైబర్‌స్టర్ వచ్చింది. కరెంటు కారు, బ్యాటరీ నేల కింద పరిచి ఉంటుంది, డిక్కీ 249 లీటర్లు. మియాటా వాళ్ల కంటికి అది గోడౌనే.

సంచి ముందు, బట్టలు తర్వాత

ఇక సర్దుడు. మొట్టమొదట చక్రాల ట్రాలీని ఇంట్లో వదిలేయండి. దాని చక్రాలు, లాగే కడ్డీ, గట్టి గోడలు తినేసే చోటులో రెండు జతల బట్టలు పడతాయి. పైగా గట్టి పెట్టె డిక్కీ ఆకారానికి లొంగదు. మెత్తటి జిప్ సంచులు కావాలి. ఒక పెద్దదాని కన్నా నాలుగు చిన్నవి మేలు. చాలామంది చేయని పని ఒకటుంది. సంచి ఇంట్లో నింపి కారు దగ్గరికి మోసుకురావద్దు. ఖాళీ సంచిని డిక్కీలో పరిచి, బట్టల్ని చిన్న పొట్లాలుగా తెచ్చి అక్కడే నింపండి. సంచి తనంతట తానే ఆ మూలల ఆకారం తెచ్చుకుంటుంది. బూట్లలో సాక్సులు కుక్కి చక్రం గూడు పక్కకి తోయండి. బరువైనవి అడుగున, సీట్ల వైపు గోడకి ఆనించండి. నాలుగు రోజుల బట్టలతో ఎనిమిది రోజులు తిరగొచ్చు, నడుమ ఒక ఊళ్లో ఉతికించుకుంటే చాలు. ఆడవాళ్ల సామాన్ల మీద జోకులు ఇక్కడ పనికిరావు. కెమెరా సంచి, డ్రోన్ డబ్బా, కారు తుడిచే గుడ్డల బుట్ట ఎవరివో అందరికీ తెలుసు.

డిక్కీ నిండాక కళ్లు సీట్ల వెనక పడతాయి. టాప్ దిగే గుంతలో ఏదన్నా పెట్టి మీట నొక్కారా, టాప్ చట్రమో, వెనక అద్దమో బలైపోతుంది. పక్క సీటు మనిషి ఒళ్లో సంచి పెట్టడమూ ప్రమాదమే, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే ఆ సంచే గుండెకి కొట్టుకుంటుంది. డిక్కీ మూత మీద చట్రం బిగించుకునేవాళ్లు కంపెనీ చెప్పిన బరువు దాటొద్దు. బరువు అంత వెనగ్గా, అంత ఎత్తున చేరితే మలుపులో కారు నడక మారుతుంది. మియాటాలో పైన ఉండే బ్రేక్ లైటు ఆ మూత మీదే ఉంది, సంచి అడ్డమొస్తే వెనక వచ్చేవాడికి కనపడదు. ఇద్దరు మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు మోయొచ్చో డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కర్‌లో రాసి ఉంటుంది. చిన్న కార్లలో ఆ అంకె మనం అనుకునే దానికన్నా తక్కువే.

ఇలాంటి కారు కొనే ఆలోచన ఉంటే బ్రోషర్‌లో లీటర్లు చూసి సరిపెట్టుకోకండి. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లేటప్పుడు మీరు నిజంగా ఊరికి తీసుకెళ్లే సంచులు రెండూ నింపి పట్టుకెళ్లండి. టాప్ వేసి ఒకసారి, తీసి ఒకసారి డిక్కీ మూత వేసి చూడండి. షోరూమ్ వాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. మూత పడ్డాకే అడ్వాన్సు కట్టండి.