ఒక్కరి చేతుల్లో పదిహేనుమంది

బృందం పలికేదాన్ని ఒక్కడు పలకగలడా? పలికితే అది బృందం మాటేనా, లేక బృందం పేరుతో చెలామణి అయ్యే ఒక్కడి మాటా? ఈ ప్రశ్న రచయితలకు కొత్తది కాదు. ‘మేము’ అని రాయబోయిన ప్రతివారికీ ఎదురయ్యేదే. నాకు మాత్రం అది సాహిత్యంలో కాక హార్మోనియం మెట్ల మీద ఎదురైంది. కనుక దాన్ని సంగీతంలోనే పెట్టి చూస్తాను.

మాది చోడవరం దగ్గర బుచ్చయ్యపేట. చెరకు నరకడం అయ్యాక నాటకాలాడించే రోజుల్లో, పద్యానికి హార్మోనియం వాయించే ఒక పెద్దాయన దగ్గర నేను వాయిద్యం నేర్చుకున్నాను. తబలా, క్లారినెట్టు, ఫిడేలు అన్నీ పెట్టుకునే స్తోమత మా ఊరి సమాజానికి లేదు. ఆయన ఒక్కరే అన్నీ అయ్యేవారు. నేను ఆత్రంగా అన్ని వాయిద్యాల పనీ ఒకేసారి చెయ్యబోతే ఆయన ఒకరోజు నా చెయ్యి పట్టుకుని ఆపారు. “పదిమందినీ నువ్వొక్కడివే వాయించగలవేటి, నాయనా? పదిమంది ఉన్నారనిపించు, చాలు” అన్నారు. ఆ మాట నాకు సగమే అర్థమైంది. మిగతా సగం, చాలా ఏళ్లకు విశాఖపట్నంలో ఒక మిత్రుడిచ్చిన క్యాసెట్టులో కౌంట్ బేసీ బృందాన్ని విన్నాక అర్థమైంది.

అమెరికాలో 1930ల మధ్య నుంచి 1940ల మధ్య దాకా ఉన్న కాలాన్ని ‘స్వింగ్ యుగం’ అంటారు. ‘బిగ్ బ్యాండ్’ అంటే ఇంచుమించు పదిహేనుమంది. ట్రంపెట్లు, ట్రాంబోన్లు ఒక వైపు, శాక్సొఫోన్లు మరొక వైపు, వెనక పియానో, గిటారు, బాస్, డ్రమ్ములు. ఒక జట్టు చిన్న పలుకు అందుకుంటుంది, రెండో జట్టు బదులిస్తుంది. ఈ పిలుపు–బదులు పద్ధతి నల్లజాతి ప్రజల పనిపాటల్లోంచి, ప్రార్థనల్లోంచి వచ్చింది. మనకు ఇది బుర్రకథలో తెలుసు. కథకుడు ఒక మాట అంటాడు, వంతలు అందుకుంటారు. వంత లేకపోతే కథ నడవదు. వంత అలంకారం కాదు, నిర్మాణం.

బేసీ బృందం 1937లో రికార్డు చేసిన ‘వన్ ఓ క్లాక్ జంప్’ కాగితం మీద రాసుకుని వాయించింది కాదు. వాద్యకారులు ఒకరి పలుకు మీద ఒకరు పలుకు వేసుకుంటూ నోటితో, చెవితో కట్టుకున్నది. అందులో బస్టర్ స్మిత్, ఎడ్డీ డర్హామ్‌ల పాలు ఉందని చరిత్రకారులు రాశారు. పేరు మాత్రం బేసీదే. పొలంలో పదిమంది కట్టిన పాట ఒకరి పేరుతో అచ్చుకావడం మనం ఎరగనిది కాదు. అలాగే 1935లో బెన్నీ గుడ్‌మన్‌కు దేశమంతా పేరు తెచ్చిన వాయింపు వెనక ఫ్లెచర్ హెండర్సన్ రాసిన కూర్పులు ఉన్నాయి. గుడ్‌మన్ తెల్లవాడు, హెండర్సన్ నల్లవాడు. సొంత బృందం నడవక హెండర్సన్ ఆ కూర్పులు అమ్ముకోవలసి వచ్చింది. ‘స్వింగ్ రాజు’ అన్న బిరుదు కొన్నవాడికి దక్కింది.

ఇప్పుడు ఈ పదిహేనుమందినీ ఒక్క పియానో మీదికి ఎలా తెస్తారో చూద్దాం.

ముందు ఎడమచెయ్యి. నాలుగు దెబ్బల ఆవృతంలో ఒకటీ మూడూ దెబ్బలకు దిగువన మంద్రస్వరం, రెండూ నాలుగూ దెబ్బలకు నడిమి మెట్ల మీద స్వరాల గుత్తి. చెయ్యి అటూ ఇటూ అంగలు వేస్తుంది గనుక దీన్ని ‘స్ట్రైడ్’ అన్నారు. బాస్, డ్రమ్ములు, గిటారు ముగ్గురి పనీ ఈ ఒక్క చేతిది. తర్వాత కుడిచెయ్యి. శాక్సొఫోన్ల జట్టు ఒకే రాగాన్ని నాలుగైదు అంతస్తుల్లో కలిసి పలుకుతుంది. దాన్ని తేవడానికి లయనెల్ హాంప్టన్ బృందంలో పనిచేసిన మిల్ట్ బక్నర్ ఒక ఉపాయం చేశాడు. రాగస్వరాన్ని పైన ఉంచి, దాని కింద దగ్గరదగ్గరగా మిగతా స్వరాలు పేర్చి, అదే రాగస్వరాన్ని ఒక స్థాయి కింద ఎడమచేతితో మళ్లీ పట్టి, రెండు చేతులూ ఒకదానికొకటి బంధించినట్టు కలిపి నడిపించాడు.

వీటన్నిటికంటె ముఖ్యం వదిలెయ్యడం. రెండు చేతులకు పదివేళ్లే. ఇత్తడి జట్టు బదులిచ్చేటప్పుడు శాక్సొఫోన్లను ఆపాలి. రాగం పై మెట్ల మీద ఉంటే బదులు కింది మెట్ల మీద రావాలి. అప్పుడే వినేవాడు రెండు గొంతులు పోలుస్తాడు. మా పెద్దాయన చెప్పింది ఇదే. నిలుపుకోవలసింది స్వరాల లెక్క కాదు, జట్ల మధ్య సంబంధం.

వాయిద్యానికీ హద్దులుంటాయి. చేతి హార్మోనియంలో ఒక చెయ్యి తిత్తికే పోతుంది. కాలితో తొక్కేదాని మీద రెండు చేతులూ ఖాళీయే, కానీ వేలు ఎంత గట్టిగా వేసినా రీడు ఒకేలా పలుకుతుంది. స్వింగ్‌కు ప్రాణం దెబ్బలోని ఒత్తు, ఒక పొడుగు ఒక పొట్టిగా సాగే నడక. అది నా హార్మోనియం మీద సరిగా రాలేదు. గమకం పలకదని 1940లో రేడియో హార్మోనియాన్ని వెలివేసింది, 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. వాయిద్యం పలకలేనిది ఉందన్న మాట నిజమే. వెలివెయ్యడం మాత్రం దానికి జవాబు కాదు.

ఇక్కడ ఒక చారిత్రక విషయం గమనించాలి. పియానో బృందాన్ని అనుకరించిందనే అనుకుంటాం. నిజానికి స్ట్రైడ్ బృందాలకంటె ముందుది. హార్లెంలో ఇంటి అద్దె కట్టలేని నల్లవాళ్లు ఇంట్లో విందు పెట్టి, వచ్చినవాళ్ల దగ్గర చందా తీసుకుని అద్దె కట్టేవారు. బృందాన్ని పెట్టే డబ్బు ఎక్కడిది? జేమ్స్ పి. జాన్సన్, ఫాట్స్ వాలర్ లాంటివారు ఒక్కరే తెల్లవార్లూ గదినిండా జనాన్ని ఆడించారు. ఎల్లింగ్టన్, బేసీ ఇద్దరూ వాళ్లను విని నేర్చుకున్నవారే. అంటే ఒక్కడి చేతుల్లోంచి బృందం పుట్టింది, బృందం మళ్లీ ఒక్కడి చేతుల్లోకి వచ్చింది.

ఆ తిరుగు ప్రయాణం మాత్రం కళ కోసమే జరగలేదు. 1942 ఆగస్టులో అమెరికా వాద్యకారుల సంఘం రికార్డింగులు నిలిపి సమ్మె చేసింది. 1944లో నృత్యశాలల మీద 30 శాతం యుద్ధపన్ను పడింది, తర్వాత అది 20 అయింది. పదిహేనుమందికి కూలి, ప్రయాణం పెట్టడం యజమానికి బరువైంది. 1946 చివరికి పేరున్న బృందాలు చాలా చెదిరిపోయాయి. మూల కూర్చున్న ఒక్క పియానో చవక.

ఇది దూరదేశపు కథ కాదు. 1994లో మా ప్రాంతంలో ఒక పెళ్లికి బ్యాండుమేళం మానిపించి నన్ను పిలిచారు. అప్పటికి నా దగ్గర ఎలక్ట్రానిక్ కీబోర్డు ఉంది. ట్రంపెట్టు, డ్రమ్ము, క్లారినెట్టు అన్నీ మీటల్లోనే ఉన్నాయి. బాగా వాయించానన్నారు. పందిరి బయట, ఆ మేళంలో క్లారినెట్టు వాయించే మనిషి నిలబడి విన్నాడు. నేను దిగి వచ్చాక, “బాగుంది బాబూ, నా ముక్క కూడా నువ్వే వాయించీసేవు” అన్నాడు. అది మెప్పో, నిష్ఠూరమో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ రాత్రి నాకు అందిన డబ్బులో అతని కూలి ఉందన్నది మాత్రం తెలుసు.

అద్దె విందులో పియానో వాయించినవాడూ నేనూ చేసింది పైకి ఒకే పని. అతను బృందాన్ని పెట్టుకోలేని జనానికి బృందాన్ని ఇచ్చాడు. నేను పెట్టుకోగలిగినవాళ్లకు ఖర్చు తగ్గించాను. నైపుణ్యం ఒకటే, ఎవరి పక్షాన నిలబడిందన్నదే తేడా.

రచయితలం మనం పదిమంది గొంతును ఒక కలంలోకి తెచ్చే పని చేస్తున్నాం. అది తప్పు కాదు, తప్పనిసరి కూడా. కానీ రాసింది మళ్లీ చదువుకునేటప్పుడు రెండు సంగతులు అడగాలి. పిలుపుకు బదులిచ్చే గొంతుకు మన వాక్యాల్లో చోటు మిగిలిందా? ఎవరి ముక్క మనం వాయిస్తున్నామో వాళ్ల పేరు చెప్పామా? ఆ క్లారినెట్టు మనిషి పేరు నేను ఆ రాత్రి అడగలేదు.