కళాశాల ఎంపికలో స్వచ్ఛంద మార్గదర్శనం: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల నేపథ్యం

సారాంశం:
పదో తరగతి, ఇంటర్మీడియట్ పూర్తిచేసిన విద్యార్థులు తర్వాతి చదువును ఎంచుకొనే దశలో స్వచ్ఛంద సేవకుల పాత్రను ఈ వ్యాసం వివరిస్తుంది. సమాచారం అందించడంతోనే మార్గదర్శనం పూర్తికాదని, దరఖాస్తు భాషను ఇంటి భాషలో విప్పిచెప్పి ప్రవేశం ఖాయమయ్యేవరకు తోడుండడమే దాని సారమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కళాశాల ఎంపిక, స్వచ్ఛంద సేవ, దోస్త్, ఇంటి భాష, ప్రవేశ ప్రక్రియ.

1. ఉపోద్ఘాతం:
పూర్వపు కరీంనగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలకు గల్ఫ్ వలస, బీడీల తయారీ జీవనాధారాలు కాగా సిరిసిల్లకు మరమగ్గమే ఆధారం. ఇలాంటి ఇళ్లలో కళాశాల దాకా వచ్చిన మొదటి తరం పిల్లలకు అడిగి తెలుసుకోవడానికి చదువుకున్న పెద్దలు ఉండరు. కళాశాలలు మాత్రం దూరంగా లేవు. నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల, పొలాసలో వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నాయి. కొరత కళాశాలలది కాదు. వాటికి చేర్చే దారిని చూపేవారిది.

2. పదో తరగతి తర్వాతి దారులు:
ఇంటర్మీడియట్‌లో తీసుకొనే గ్రూపు తర్వాతి చదువును చాలావరకు నిర్ణయిస్తుంది. ఎంపీసీ తీసుకున్న కోరుట్ల విద్యార్థికి సొంత ఊరి పశువైద్య కళాశాలలో చేరే దారి మూసుకుపోతుంది. జీవశాస్త్రం లేకుండా ఆ చదువుకు అర్హత రాదు. పాలిసెట్ ద్వారా మూడేళ్ల డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. పదో తరగతి ఫలితాల ఆధారంగా ప్రవేశం కల్పించే బాసర ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల సమీకృత చదువు ఉంది. చేనేత సాంకేతిక డిప్లొమా కోసం ఒకప్పుడు వెంకటగిరి వంటి చోట్లకు వెళ్లవలసి వచ్చేది. 2024లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట హైదరాబాదులోనే చేనేత సాంకేతిక సంస్థ ప్రారంభమైంది. సిరిసిల్ల విద్యార్థికి ఈ కబురు అందవలసింది పదో తరగతి ముగియకముందే.

3. దరఖాస్తు భాష, ఇంటి భాష:
డిగ్రీ ప్రవేశాలకు 2016-17 విద్యాసంవత్సరం నుంచి 'దోస్త్' ఆన్‌లైన్ విధానం అమలులో ఉంది. పేరుకు అర్థం మిత్రుడే అయినా అందులోని పదజాలం అందరికీ మిత్రం కాదు. 'సీటు కేటాయించబడింది' అన్న సందేశాన్ని ఇంట్లోవాళ్లు 'సీటొచ్చింది' అని అర్థం చేసుకొని పని అయిపోయిందనుకుంటారు. గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు చేజారుతుంది. ఐచ్ఛికాల క్రమమూ అలాంటిదే. కోరుకున్న కళాశాల కష్టమనుకొని సులభంగా దొరికేదాన్ని మొదట పెడితే, అర్హత ఉండి కూడా కోరినది దక్కదు. ఆధార్‌కు జతచేసిన ఫోను గల్ఫ్‌లోని తండ్రి దగ్గర ఉంటే ఓటీపీ అక్కడికే వెళ్తుంది. ఇవి తెలివితక్కువతనం వల్ల వచ్చే పొరపాట్లు కావు. రెండు భాషల నడుమ దూరం వల్ల కలిగే నష్టాలు.

4. సమాచారం ఎందుకు చాలదు?
అమెరికాలోని ఒహాయో, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో బెటింజర్ బృందం జరిపిన ప్రయోగ ఫలితాలు 2012లో వెలువడ్డాయి. ఆర్థిక సహాయం గురించిన సమాచారం మాత్రమే పొందిన కుటుంబాల్లో చెప్పుకోదగిన మార్పు రాలేదు. పక్కన కూర్చొని దరఖాస్తు నింపించిన కుటుంబాల్లో మాత్రం రెండేళ్ల కళాశాల చదువు సాగించిన పిల్లలు 28 శాతం నుంచి 36 శాతానికి పెరిగారు. దేశం వేరైనా ఈ ఫలితం ఇక్కడికీ ఆలోచనీయమే. కరపత్రం చేయలేని పని పక్కన కూర్చున్న మనిషి చేయగలడు.

5. సేవకులు, నిష్పాక్షికత:
2005లో బిట్స్ పిలానీ విద్యార్థులు స్థాపించిన నిర్మాణ్ సంస్థ 'విద్యా హెల్ప్‌లైన్' ద్వారా ఫోనులో మార్గదర్శనం అందిస్తూ వచ్చింది. స్థానికంగా ఆ బాధ్యతకు తగినవారు డిగ్రీ కళాశాలల్లోని జాతీయ సేవా పథకం వాలంటీర్లు. రెండేళ్లలో 240 గంటల సేవ వారి విధి. నిన్నమొన్ననే ఈ ప్రక్రియను దాటివచ్చినవారు, ఆ ఊరి యాస మాట్లాడేవారు కావడం వారి బలం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ప్రవేశాల కాలంలో అధ్యాపకులు ఇంటింటికీ తిరిగి తమ కళాశాల గురించి ప్రచారం చేయడం పరిపాటి. చేరికలు తగ్గితే కోర్సు మనుగడే ప్రశ్నార్థకమవుతుంది కనుక ఆ ఆరాటం సహజం. అయితే ప్రచారకుడు తన కళాశాలతో మొదలుపెడతాడు. మార్గదర్శి విద్యార్థి అభిరుచితో మొదలుపెడతాడు. తమ కళాశాలలో లేని కోర్సు గురించి కూడా చెప్పగలిగినప్పుడే వాలంటీరు మాటకు విలువ.

6. ముగింపు:
మార్గదర్శనం ఫలితాల తర్వాత కాక తొమ్మిదో తరగతిలోనే మొదలుకావాలి. ప్రవేశ పదజాలానికి వాడుక తెలుగులో చిన్న వివరణ పట్టిక తయారుచేయడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. ప్రచార బాధ్యతను, మార్గదర్శన బాధ్యతను ఒకరికే అప్పగించకపోవడం కళాశాలలు పాటించదగిన నియమం. ఎంపిక విద్యార్థిదే, అది తెలిసి చేసిన ఎంపిక కావడానికి తోడ్పడడమే స్వచ్ఛంద సేవకుల కర్తవ్యం.