చేపల పులుసు తిని పడుకుంటే గుండెల్లో మంటెందుకు?

కైకలూరులో ఆదివారం మధ్యాహ్నం. కొరమేను పులుసుతో మారన్నం కూడా తిని, తాతయ్య నులకమంచం మీద నడుం వాల్చారు. పావుగంటకే లేచి కూర్చున్నారు. "గుండెల్లో మంటరా, కాసిని మంచినీళ్లు పట్రా!"

పాపం, గుండె తప్పేమీ లేదు. పొట్టలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఊరుతుంది. పొట్ట గోడకు దళసరి జిగురు పూత ఉంది కాబట్టి తట్టుకుంటుంది. ఆహారనాళానికి ఆ రక్షణ లేదు. రెంటి మధ్య ఓ కండరాల వలయం ఉంది, చేపల చెరువు తూము తలుపులాంటిది. మింగినప్పుడు తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. పొట్ట బిగిసినా, తలుపు వదులైనా ఆమ్లం పైకి తన్నుతుంది. పడుకుంటే దానికి దారి మరీ సులువు. తిన్నాక రెండు మూడు గంటలు ఆగమనేది అందుకే.

అయితే ఆమ్లాన్ని అణిచేస్తే పోలేదా? అక్కడే చిక్కు. చేపలో బి12 విటమిన్ మాంసకృత్తులకు అతుక్కుని ఉంటుంది. దాన్ని విడదీసేది ఈ ఆమ్లమూ, పెప్సిన్ అనే ఎంజైమూ. ఆకుకూరల్లోని ఇనుము ఒంటపట్టాలన్నా ఆమ్లం సాయం కావాలి. ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ వంటి మాత్రలు ఏళ్ల తరబడి మింగేవారిలో కొందరికి బి12, ఇనుము, మెగ్నీషియం తగ్గిపోతాయి, రోజూ కొల్లేటి చేప తిన్నా సరే!

కాబట్టి డాక్టరు రాసిన మాత్రను సొంతంగా ఆపొద్దు, ఎన్నాళ్లు వాడాలో అడగండి. మంటతో పాటు చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికి పాకితే మాత్రం అది గుండెపోటు కావచ్చు, మజ్జిగ కోసం వెతకొద్దు, ఆసుపత్రికి పరుగెత్తండి.