సాలూరు పేరునందలి ఆరు సంఖ్యలు

విజయనగరమునుండి సుంకి కనుమమీదుగా కొరాపుట్టునకు పోవు బాటలో, వేగవతీనదీతీరమున సాలూరు పట్టణము కలదు. లారీలకు పేరుపొందిన ఊరది. ఒకే రంగు గల లారీలు వరుసగా నిలిచియున్నప్పుడు కొత్తవారికి ఒకదానికిని వేరొకదానికిని భేదము తోచదు. బండిపై వ్రాసిన సంఖ్యయే దానిని గుర్తుపట్టించును. కంప్యూటరు అక్షరమును గుర్తించు విధమును ఇట్టిదే.

కంప్యూటరు అక్షరముయొక్క రూపము నెరుగదు, ధ్వని నెరుగదు. దాని లోపల కోట్లకొలది సూక్ష్మమైన విద్యుత్తు మీటలుండును. ఒక్కొక్క మీటకు రెండే స్థితులు: విద్యుత్తును పోనిచ్చుట, పోనీయకుండుట. మొదటిదానిని 1 అనియు, రెండవదానిని 0 అనియు వ్రాయుదురు. ఈ రెండంకెలతో ఎంత పెద్ద సంఖ్యనైనను వ్రాయవచ్చునన్న వింతగా తోచును. సంతలో ఒక వర్తకునియొద్ద 1, 2, 4, 8 ఇట్లు ఇబ్బడియగుచు పోవు తూనికరాళ్ళు ఒక్కొక్కటి చొప్పున నున్నవనుకొనుడు. 13 తూచుటకు అతడు 8, 4, 1 రాళ్ళను తక్కెడలో వేసి 2ను ప్రక్కన ఉంచును. వేసిన రాతికి 1, వేయని రాతికి 0 చొప్పున పెద్ద రాతినుండి వ్రాసినచో 1101 అగును. కంప్యూటరు సంఖ్యలను దాచుకొను పద్ధతి ఈ తూకమే.

కావున అక్షరములకు సంఖ్యలు ఈయవలసివచ్చెను. తొలుత ఈ పని ఎవరికి తోచినట్లు వారు చేసిరి. తెలుగునకు ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క వరుసలో సంఖ్యలు కట్టుటచే, ఒకచోట చక్కగా టైపుచేసిన జాబు వేరొక యంత్రమున పిచ్చివ్రాతగా కనబడెడిది. ఈ చిక్కు తీరుటకై లోకమునందలి లిపులన్నిటికిని ఒకే పట్టిక నేర్పరచిరి. దాని పేరు యూనికోడ్. 1991లో వెలువడిన మొదటి కూర్పుననే తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు లభించెను.

‘సాలూరు’ అను పేరులో మనకు కనబడునవి మూడక్షరములు. కంప్యూటరునకు ఆరు సంఖ్యలు: 3128, 3134, 3122, 3138, 3120, 3137. ‘స’కు 3128, దాని దీర్ఘమునకు 3134. తక్కినవియు ఇట్లే జంటలు. గుణింతపు గుర్తుకు వేరు సంఖ్య యుండుటచేతనే, ‘సా’ అని టైపుచేసి చెరుపు మీట నొక్కినప్పుడు సాధారణముగా దీర్ఘము మాత్రమే పోయి ‘స’ నిలుచును. 3128ని తూచుటకు 2048, 1024, 32, 16, 8 అను ఐదు రాళ్ళు చాలును. దానిని 110000111000 అని వ్రాయుదురు.

ఫోనునుండి ఫోనునకు పోవునది ఈ సంఖ్యయే గాని రూపము కాదు. అందుకొన్న యంత్రము తనయొద్దనున్న ఫాంటును, అనగా అక్షరరూపముల భాండారమును, వెదకి ఆ సంఖ్యకు తగిన రూపమును తెరపై గీయును.

తెలుగునకు మొదటనే దొరకిన చోటు అన్ని లిపులకును దొరకలేదు. సాలూరు ఇప్పుడు 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోనిది. ఈ జిల్లా కొండలలో సవరలు నివసింతురు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి వారి భాషను నేర్చి, తెలుగు లిపిలో దానికి పుస్తకములు వ్రాసిరి. అయినను గొంతు క్షణమాత్రము బిగబట్టి విడుచు ధ్వని యొకటి సవరలో కలదు. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరము లేదు. 1936లో మంగేయి గొమాంగో అను సవర పెద్ద తన భాషకు సోరా సోంపెంగ్ అను లిపిని కల్పించెను. యూనికోడ్ పట్టికలో ఆ లిపికి చోటు దొరకుటకు 76 సంవత్సరములు పట్టెను. ఆ వ్రాతను బొమ్మగా తీసి కంప్యూటరులో ఉంచవచ్చును. కాని అందులో ఒక మాటను వెదకుమన్న, బొమ్మలో యంత్రమునకు మాటలు కానరావు.

2012లో ఆ లిపియందలి అక్షరములకును అంకెలకును కలిపి 35 సంఖ్యలు ఏర్పడెను. మొదటి అక్షరమునకు 69840. తగిన ఫాంటు లేని ఫోనునకు ఈ సంఖ్య చేరినచో తెరపై ఒక ఖాళీ గడి మాత్రమే కనబడును. సంఖ్య లోపల చెక్కుచెదరక యుండును. ఫాంటును చేర్చినంతనే ఆ గడి యున్నచోటనే సవర అక్షరము కనబడును.